తాయారు బిగించిన రంగం రేడియో

గజపతినగరం సంతవీధిలో ఉత్త తాయారు అంటే ఎవరికీ తెలియదు. రంగం తాయారు అంటే మాత్రం పాలమనిషి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబెడతాడు. రంగం అంటే రంగూనే. సముద్రానికి అవతల, బర్మా దేశంలో ఉన్న ఆ పట్నాన్ని మన వైపు ఎవరూ రంగూన్ అని పూర్తిగా పలకరు. ఓడెక్కి పనులకు పోయిన తాతలు రంగం అన్నారు, ఇక్కడ ఉండిపోయినవాళ్ళూ రంగమే అన్నారు. తాయారు అక్కడే పుట్టింది. అక్కడే నడక నేర్చింది, అక్కడే పరికిణీ కట్టింది, అక్కడే మేనత్త కొడుకు అప్పలసూరి చేత మెడలో పుస్తె కట్టించుకుంది. అరవై నాలుగులో అక్కడి సర్కారు మనవాళ్ళని పొమ్మంటే మొగుడూ పెళ్ళాం ఓడలో విశాఖపట్నం రేవుకు చేరి, సూరి తండ్రి పుట్టిన ఊరు కదా అని గజపతినగరం వచ్చి పడ్డారు.

"సొంతూరు సేరిపోనారు, ఇంకేటి కావాల?" అన్నారు చూడవచ్చినవాళ్ళు. తాయారు తలూపింది. ఆ సొంతూరిని ఆమె చూడడం అదే మొదలు.

సూరి అక్కడ రేడియోల కొట్లో పనిచేసినవాడు. ఇక్కడ వీధి అరుగు మీద ఒక బల్ల వేసుకుని, పాడైపోయిన రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. అప్పటి రేడియోలంటే గాజు వాల్వులవి. వెలిగించాక ఆ వాల్వులు వేడెక్కి, నెమ్మదిగా ఎర్రబడి, అప్పుడు గొంతు విప్పేవి. లోపల పారే కరెంటు మాత్రం మనిషిని పడగొట్టేంతది.

అందుకే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రేడియో పొట్టలో సూరి చెయ్యి పెట్టాలంటే ముందు తాయారు గోడ దగ్గర ప్లగ్గు పీకి పిడికిట్లో పట్టుకోవాలి. వట్టి స్విచ్చి ఆర్పితే సూరి ఒప్పుకునేవాడు కాదు. ప్లగ్గు ఆమె చేతిలోనే ఉండాలి. ప్లగ్గు పెట్టే చోటు అరుగు చివరి గోడకి ఉండడంతో ఆమె వీధివైపు మొహం పెట్టి అరుగు అంచున కూర్చునేది, అతను ఆమె వెనకాల బల్ల దగ్గర ఉండేవాడు. "చేతిలో ఉందా?" అని అడిగేవాడు. "ఉంది" అనేది. ఆ తర్వాతే పని. ఆ అడగడమూ ఈమె చెప్పడమూ అంతా రంగం బాసలోనే. రంగం కొట్లో ఆ పనంతా ఆ బాసలోనే నేర్చుకున్నాడు గనక పనిలో ఉన్నంతసేపూ అతని నోటికి తెలుగు వచ్చేది కాదు. తాయారుకైతే ఆ బాస మాట్లాడడానికి ఆ అరుగు తప్ప వేరే చోటే లేదు.

ఎదురింటి బుల్లమ్మ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఒక మాట అనకుండా ఉండలేదు. "మొగుడు ఆవుకి పురుడు పోత్తంటే పెళ్ళాం తోకట్టుకుని కూకున్నట్టున్నాదే తాయారూ! ఒగ్గీసి రాయే, తోక ఎక్కడికీ పోదు."

"ఒగ్గీకూడదు బుల్లమ్మత్తా. ఒగ్గీస్తే ఆవు తంతాది."

"మీ బాసలో ఏటేటో అనుకుంతన్నారు. నన్ను తిడతన్నారేటి?"

"నిన్నే. లేకపోతే ఇంకెవుల్ని తిడతాం?"

బుల్లమ్మ పడీపడీ నవ్వేది. ఆవిడ ఇంట్లో ఉన్న రేడియో కూడా సూరి బిగించి ఇచ్చిందే. విశాఖపట్నం, విజయవాడ అందులో గంట కొట్టినట్టు పలికేవి. అదే పోలికలో సూరి ఇంకొకటి మొదలుపెట్టాడు, ఇంటి కోసం. ఇది మాత్రం దూరం స్టేషన్లు పట్టేది. దాని కాయిళ్ళు, అంటే స్టేషన్ని పట్టే రాగితీగ చుట్టలు, నెల పైగా కూర్చుని తన చేత్తో చుట్టాడు. సముద్రం దాటి రంగం స్టేషను ఇందులోకి వస్తుందని, సాయంకాలం వంట చేసుకుంటూ తాయారు అక్కడి మాటలు వినొచ్చని అతని ఆశ. కాయిళ్ళు అమిరాయి. ట్రాన్స్‌ఫార్మరు కూర్చుంది. వాల్వుల గూళ్ళకు తీగలు సగం పైన పడ్డాయి. ఆ వానాకాలం సూరికి జ్వరం తగిలింది. తగ్గినట్టే తగ్గి, గంజి తాగి, పక్క మీద లేచి కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

సగం రేడియో మీద తాయారు ఒక పాత లుంగీ కప్పింది. ఏడాది దాకా ఎత్తలేదు.

ఎత్తడానికి కారణం చెబితే నవ్వుతారు. మళ్ళీ వానాకాలం వచ్చింది. సంత నుంచి వస్తూ తాయారు చూరు కింద నిలబడి, గొడుగు తేకపోతిని కదా అనుకుంది. అనుకున్నది తెలుగులో. సరే, రంగం బాసలో గొడుగుని ఏమంటారు అని తనను తానే అడిగింది. రాలేదు. నాలుక చివర ఉంది అనిపించడం కూడా లేదు, ఆ మాట ఉండే చోటు ఖాళీగా ఉంది. చిన్నప్పుడు బడికి పోతూ రోజూ పట్టుకున్న వస్తువు. వాన వెలిసినా ఆమె ఆ చూరు కింద నుంచి కదలలేదు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకుండా, ఉన్నవాటిని లెక్క చూసుకున్నట్టు ఒక్కొక్క మాటా వెతికింది. ఉప్పు ఉంది. చేప ఉంది. పడవ ఉంది. తలుపు కోసం చాలాసేపు తడుముకుంది. చీపురు లేదు.

అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. రేడియోలో వేసే రెసిస్టెన్సుల మీద రంగు గీతలుంటాయి, ఒక్కో రంగుకి ఒక్కో అంకె. సూరి ఆమెకు ఆ రంగులు రంగం అంకెల్లోనే నేర్పాడు. గోధుమరంగు తిత్, ఎరుపు నిత్, నారింజ తోన్, పసుపు లే, ఆకుపచ్చ ఙా. సూరి రెసిస్టెన్సుల డబ్బా బోర్లించి ఒక్కొక్కటే పైకి చదివింది. తడబాటు లేకుండా వచ్చాయి. మాట్లాడే మనిషి పోతే మాటలు ఇలా ఒక్కొక్కటే వెళ్ళిపోతాయన్నమాట, చేతికి పని చెప్పిన మాటలు మాత్రం ఉండిపోతాయన్నమాట అని ఆమెకు అప్పుడు తోచింది. లేచి లుంగీ తీసింది.

మైకుసెట్టు కృపారావు ఆ ఊళ్ళో కరెంటు పని తెలిసిన రెండో మనిషి. పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్సుకీ, మిషను వాళ్ళ కూటాలకీ మైకులు కట్టేవాడు. చర్చి పక్క వీధిలో ఉండేవాడు. సూరి అంటే అతనికి గురువుతో సమానం, తాయారు అప్ప, అంటే అక్క. తాయారు కబురంపగానే సైకిలు మీద వచ్చి, సగం రేడియోని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత సక్కగ సుట్టినాడు అప్పా ఈ కాయిళ్ళు! సెయ్యి ముద్దెట్టుకోవాల. ఇలగిచ్చీ, కూటాలవగానే మా ఇంటికాడ కూకుని బిగించి తెచ్చిత్తాను."

"ఎత్తుకెళ్ళకు తమ్ముడూ."

"మరెలగ? ఇక్కడికి రావాలంటే నాకు కుదరాల గదా."

"నాను బిగిస్తాను."

కృపారావు ఆమె మొహంలోకి చూశాడు. నవ్వబోయి మానేశాడు. "సోల్డరింగు ఎప్పుడేనా పట్టేవా?"

"నేదు. ఎలగ పడతారో ఇరవయ్యేళ్ళు ఇన్నాను."

"ఇన్నావేటి?"

"నా వీపు ఎనకాలే గదా సేసీవోడు. సూసింది తక్కువ, ఇన్నది ఎక్కువ."

కృపారావు తల గోక్కున్నాడు. గోడకు తగిలించి ఉన్న బల్బు చెక్కను దించి ఆమె ముందు పెట్టాడు. చెక్క మీద ఒక బల్బు, పక్కన ఒక సాకెట్టు, అంతే. "ఇది తెలుసా?"

అది ఆమెకు తెలుసు. కొత్తగా బిగించిన దేన్నీ తిన్నగా గోడకు తగిలించకూడదు, ఈ బల్బు గుండా తగిలించాలి. లోపల ఎక్కడైనా తీగా తీగా కలిసిపోయి ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. అంతా సరిగ్గా ఉంటే బల్బు నిద్రపోతున్నట్టు ఎర్రగా ఉంటుంది.

"సాలు. భగ్గుమంటే మట్టుకు నన్ను పిలు" అని అతను మైకులు కట్టడానికి వెళ్ళిపోయాడు.

మిగిలిన సగం ఎలా ఉండాలో చూడడానికి తాయారుకి ఒక్కటే దారి. బుల్లమ్మ ఇంటికి వెళ్ళింది.

"అత్తా, నీ రేడియో ఒకసారి తిరగేసి సూసుకోవాల."

"ఏల? బాగానే పలుకుతున్నాది గదే!"

"దాని పొట్ట సూసి దీని పొట్ట కుట్టుకోవాల. ఇద్దరూ ఒక తండ్రి పిల్లలే గదా."

"ఓలమ్మోలమ్మో! బాగున్న పిల్ల పొట్ట కోసి సచ్చిన పిల్లకి ఎడతావేటి!"

"కొయ్యను. మూత తీసి సూత్తాను, అంతే. పాటలొచ్చేయేలకి పట్టుకొచ్చీస్తాను."

బుల్లమ్మ తిట్టింది, సణిగింది, చివరికి తనే రేడియోని చంటిపిల్లలా చీర కొంగులో చుట్టి తీసుకొచ్చింది. తీసుకొచ్చాక వెళ్ళలేదు. మధ్యాహ్నం పూట వంటిల్లు కడిగి, వక్కాకు నోట్లో వేసుకుని వచ్చి అరుగు మీద కూర్చునేది. ఇదేటి, అదేటి, ఆ గుండ్రటిదేటి, దానికి ఎండి రంగేల? ఒక్క దాన్నీ విడిచిపెట్టేది కాదు. చెప్పడానికి తాయారు కూడా ప్రతిదాన్నీ సరిగ్గా తెలుసుకోవలసి వచ్చింది.

మొదట్లో అతుకులు ఒక్కటీ నిలవలేదు. సీసం తీగకి అంటుకోకుండా పెసరగింజలా ఉండకట్టి జారిపోయేది. గుగ్గిలం పొగకి కళ్ళు మండేవి. వేలు కాలితే చింతపండు పులుసు రాసుకునేది. సూరి అతుకు వేసినప్పుడు ఒక సన్నటి 'స్‌స్' వినిపించేది, ఆగేది, ఊపిరి ఊదినట్టు వినిపించేది. ఆ చప్పుళ్ళు వచ్చేదాకా ఆమె వేసి, పీకి, మళ్ళీ వేసింది. తీగనే ముందు కాల్చాలనీ, కాలిన తీగే సీసాన్ని తాగుతుందనీ ఆ చప్పుడు వల్లే తెలుసుకుంది. మొదటిసారి అతుకు మెరుస్తూ నిలబడ్డప్పుడు బుల్లమ్మ దాని మీదికి వంగి, "ముక్కుపుడకలా ఉన్నాదే!" అంది.

కరెంటు వచ్చే వైపు పూర్తయింది. పెద్ద కండెన్సర్లు రెండూ అమర్చింది. ఆ వైపు వాల్వు ఒక్కటే పెట్టింది, మిగతా వాల్వులు ఇంకా పెట్టలేదు, ముందు ఈ భాగం నిలుస్తుందో లేదో చూడాలనుకుంది. బల్బు చెక్క గుండా ప్లగ్గు తగిలించి స్విచ్చి నొక్కింది. బల్బు ఒక్కసారి వెలిగి, తగ్గి, నిద్రమత్తులో ఉన్నట్టు ఎర్రగా ఉండిపోయింది. తాయారు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బుల్లమ్మని పిలుద్దామనుకుని, ముందు ఒక తీగ వంకరగా ఉంది సరిచేద్దామని ఆర్పింది. ప్లగ్గు పీకింది. ఎడం పిడికిట్లో పట్టుకుంది. "చేతిలో ఉందా?" అని రంగం బాసలో తనే అడిగింది. "ఉంది" అని తనే చెప్పింది. కుడిచెయ్యి లోపల పెట్టింది.

చెయ్యి ఎవరో విదిలించి కొట్టినట్టయింది. మోచెయ్యి దాకా జిల్లుమంది. "అమలే!" అని అరుస్తూ వెనక్కి పడింది. అది రంగంలో ఆడవాళ్ళు భయపడితే అరిచే అరుపు.

బుల్లమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏటే! ఏటయిందే!"

తాయారు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమచేతిలో ప్లగ్గు అలాగే ఉంది. దాన్నే చూస్తోంది.

"కొట్టినాది అత్తా. తోక నా సేతిలోనే ఉన్నాది. అయినా కొట్టినాది."

బుల్లమ్మ ప్లగ్గు చూసింది, గోడ చూసింది, రేడియో చూసింది. ప్లగ్గుకీ గోడకీ మధ్య ఖాళీ ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది. "సూరే" అంది గొంతు తగ్గించి. "పోనోడికి ఇష్టం నేదే. తను సగంలో ఒగ్గీసిన పని నువ్వు ముట్టుకుంతంటే ఒద్దంతన్నాడు. నిన్ను కాదు, ఆ పనిని కొట్టినాడు."

సాయంకాలానికి వీధంతా ఆ మాటే. సూరి రేడియోలో ఉన్నాడు, కరెంటు లేకుండా కొట్టాడు. చూసిపోవడానికి వచ్చినవాళ్ళు అరుగు ఎక్కకుండా కిందే నిలబడ్డారు. బుల్లమ్మ తన రేడియోని పసుపునీళ్ళతో తుడవబోతే, "తడి తగలనీకు అత్తా, అదే నిజంగా కొడతాది" అని తాయారే లాక్కుంది.

తాయారుకి భయం వేయలేదు. వేయాల్సింది కానీ వేయలేదు. మనసు ఇంకో వైపు లాగింది. అతనే అయితే? ఏడాది నుంచి కల్లోకి కూడా రాని మనిషి ఇలా వచ్చి చేయి తట్టాడంటే, మళ్ళీ చెయ్యి పెడితే మళ్ళీ తడతాడా? లుంగీ కప్పిన రేడియో ముందు కూర్చుని ఆమె నిజంగానే చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అంగుళం దూరంలో ఆగిపోయింది. "బావా" అంది. చాపిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుంది.

పొద్దున్నే కృపారావు వచ్చాడు. వీధి మాటలన్నీ దారిలోనే అతని చెవిన పడ్డాయి. రేడియో లోపలికి తొంగి చూసి, చెయ్యి మాత్రం పెట్టకుండా, "ప్లగ్గు పీకినాక ఏటి సేసినావు?" అని అడిగాడు.

"సెయ్యెట్టినాను."

"అంతేనా?"

"ఇంకేటి సెయ్యాల?"

"కండెన్సరు కాళీ సెయ్యనేదా?"

తాయారు అర్థంకానట్టు చూసింది. కృపారావు మఠం వేసుకుని కూర్చున్నాడు. "ఇది కుండ నాంటిది అప్పా. కరెంటు వచ్చినంతసేపూ నింపుకుంతాది. నువ్వు ప్లగ్గు పీకీసినా కుండలో నీళ్ళెక్కడికి పోతాయి? పూర్తయిన రేడియో అయితే వాల్వులు తాగీస్తాయి. నీది సగం రేడియో. తాగడానికి ఎవులూ నేరు. అలాగే నిండుగ ఉండిపోనాది. నువ్వు సెయ్యెట్టినావు, నీలోకి ఒంపీసినాది."

"అయితే మా బావ కాదా?"

"కాదు. నువ్వు నింపిందే నిన్ను కొట్టినాది."

బుల్లమ్మ అరుగు కింద నిలబడి వింటోంది. "మరి సూరిని ఏల కొట్టనేదు? ఇన్నేళ్ళు సెయ్యెట్టినాడు గదా ఆ మనిషి!"

"కాళీ సేసీవోడు బుల్లమ్మా. స్క్రూడ్రైవరు పెట్టి కాళ్ళు రెండూ కలిపీస్తే టప్పుమని మెరిసి కాళీ అయిపోతాది. అది పాతకాలం మోటు పద్ధతి, కండెన్సరు పాడైపోతాది, కళ్ళల్లోకి నిప్పురవ్వ ఎగురుతాది. ఒక రెసిస్టెన్సుకి రెండేపులా తీగలు కట్టుకుని, పిడి పట్టుకుని తాకిస్తే నెమ్మదిగ దిగిపోతాది. అదే నయం. అప్పా, నీకు తెలీదా? ఇరవయ్యేళ్ళు పక్కన కూకున్నావు గదా."

తాయారు చెవిలో ఒక్క మాటే నిలిచింది. టప్పుమని.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. "ఉంది" అని తను చెప్పిన ప్రతిసారీ, వెనకాల ఒక చిన్న చప్పుడు వచ్చేది. స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టుకుంటున్నాడనుకునేది. పని మొదలైందనడానికి గుర్తు అనుకుని, మొహం తిప్పకుండా వీధిలో పోయేవాళ్ళని చూస్తూ కూర్చునేది. ప్రాణాలు కాపాడే పని అంతా తన పిడికిట్లోనే ఉందని ఇన్నేళ్ళూ గర్వపడింది. అందులో సగమే తన దగ్గరుంది. మిగతా సగం అతని చేతిలో ఉంది. తను చూడలేదు, అతను చెప్పలేదు.

"నాకేల సెప్పనేదు తమ్ముడూ?" అంది. గొంతులో కోపమే ఉంది, కానీ అది నిలవలేదు.

కృపారావు స్క్రూడ్రైవరు తిప్పుతూ కూర్చున్నాడు. బుల్లమ్మే అంది. "సెప్పితే నువ్వు తిరిగి సూసీదానివి. మెరుపు సూసి బయపడీదానివి. మొగుడు రోజూ నిప్పుతో ఆడతన్నాడని తెలిత్తే ఏ పెళ్ళామైనా అక్కడ కూకోనిస్తాదేటి?"

తాయారు కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ రెసిస్టెన్సు ఎలగ కట్టాలో సూపించు" అంది కృపారావుతో.

చూపించాడు. కట్టింది. పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టింది. అప్పటినుంచి ప్లగ్గు పీకాక ఆ తీగలు తాకించి, అతను చెప్పినంతసేపు ఆగి, సూరి మీటరు పెట్టి దాని ముల్లు సున్నాకి పడిపోయిందో లేదో చూసి, అప్పుడు ఒక్క చెయ్యే లోపల పెట్టేది. రెండో చెయ్యి నడుం మీద. ఇప్పుడు రెండు సగాలూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి, అది ఆమెకు ఏమంత బాగోలేదు. "చేతిలో ఉందా?" అని అడగడం మాత్రం మానేసింది.

స్పీకరు తీగలు పడ్డాయి. వాల్వులు ఒక్కొక్కటే గూళ్ళలో కూర్చున్నాయి. బల్బు చెక్క మీద బల్బు మొదట బాగా వెలిగి, వాల్వులు వేడెక్కే కొద్దీ తగ్గింది. కృపారావు "ఇంక తిన్నగ ఎట్టుకో" అన్నాడు. అదే రోజు తాయారు ఇంటి కప్పు మీంచి బుల్లమ్మ ఇంటి కప్పు దాకా వెదురుబద్దల మీద ఏరియల్ తీగ లాగాడు. లాగి దిగేలోపు బుల్లమ్మ దాని మీద తడిచీర ఆరేసింది.

"బుల్లమ్మా! అది ఏరియలు!" అని అరిచాడు కృపారావు.

"తెలుసులే. గాలొస్తాదని ఏసినాను. నాకు తెలీదేటి, చీర బరువుకి మీ రంగం ఇటేపు వంగుతాది!"

పొద్దు వాలింది. ఆ వేళకి రంగంలో అప్పటికే దీపాలు పెట్టేస్తారని తాయారుకి తెలుసు, అది తూర్పున ఉంది గనక పొద్దు ముందు అక్కడే వాలుతుంది. వీధి ఆడవాళ్ళు నలుగురైదుగురు అరుగు మీదికి చేరారు, ఈసారి బల్ల దాకా. తాయారు స్విచ్చి నొక్కింది. వాల్వులు ఎర్రబడ్డాయి. రేడియో ఊపిరి తీసుకున్నట్టు 'హో' మంది.

స్టేషన్లు మార్చే ముల్లు తిప్పింది. ఏదో పాట, ఏ దేశమో. ఇంకాస్త తిప్పితే ఈల. ఇంకాస్త తిప్పితే గొంతు, కలకత్తాది కాబోలు. ఎవరో చీనావాళ్ళు పోట్లాడుకుంటున్నట్టు వచ్చి పోయారు. "ఇదేనా? ఇదేనా?" అని బుల్లమ్మ ప్రతిదానికీ అడుగుతూనే ఉంది. తాయారు తల అడ్డంగా ఊపుతూ, వెంట్రుకవాసి కూడా లేనంత నెమ్మదిగా ముల్లుని జరిపింది.

అప్పుడు ఒక ఆడమనిషి గొంతు, నీళ్ళ అడుగునుంచి పైకి తేలినట్టు వచ్చింది.

తాయారు చెయ్యి ముల్లు మీదే ఆగిపోయింది. ఎవరూ "ఇదేనా" అని అడగలేదు.

అదేదో నాటిక. అత్తగారు, అల్లుడు. అత్త వడ్డిస్తోంది, అల్లుడు వద్దంటున్నాడు. రంగంలో వాళ్ళ సందు చివర కూరలమ్మే ఆవిడ ఎలా సాగదీసి మాట్లాడేదో అచ్చం అలాగే సాగదీస్తోంది అత్తగారు. ఒక్కో మాటా తాయారు చెవిలో పడగానే తన చోటు వెతుక్కుని వెళ్ళి కూర్చుంటోంది. మధ్యలో అత్తగారు ఒక మాట అంది. అల్లుడు కుండబద్దలు కొట్టినట్టు జవాబిచ్చాడు. తాయారు నవ్వింది. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా, ఏడాదిగా మూసి ఉంచిన నవ్వు. నవ్వుతూ అలవాటుగా వెనక్కి తిరిగింది, నవ్వు కలపడానికి.

వెనకాల బుల్లమ్మ ఉంది. మిగతా ఆడవాళ్ళు ఉన్నారు. అందరి మొహాలూ ఆమె మీదే ఉన్నాయి, ఒక్కరూ నవ్వడంలేదు.

"ఏటే? ఏటన్నాడు?" అంది బుల్లమ్మ ఆత్రంగా.

"అత్తగారు ఇంకొంచెం ఎయ్యనా అంది. ఆడు... అలాగంటే అక్కడ... ఇంకొంచెం ఎవులికి, అన్నాడు."

"ఊఁ?"

"అంతే."

బుల్లమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఇదేటే నవ్వడానికి?"

తాయారు ఇంకోలా చెప్పి చూసింది. ఇంకా చప్పబడిపోయింది. ఆ ముసలమ్మ సాగదీత తెలుగులోకి రాలేదు, ఆ అల్లుడి వెటకారం ఇక్కడి అల్లుళ్ళ నోట పలకలేదు. ఈ మాట విని ఆమెతోపాటు నవ్వగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. ఆమె మళ్ళీ రేడియో వైపు తిరిగేసరికి గొంతులు పలచబడ్డాయి. అత్తగారు ఏదో అంటోంది, సగం వినబడింది, పావు వినబడింది. ముల్లు ఇటు జరిపింది, అటు జరిపింది. 'హో' తప్ప మరేమీ లేదు.

"పోనాదా?" అంది ఎవరో.

"రేపు మళ్ళీ వస్తాది" అని తాయారు అంది. ముల్లు మీంచి చెయ్యి తీయలేదు.

బుల్లమ్మకి అది సరిపోలేదు. మధ్యలో ఆగిపోయిన ఏ కథనీ ఆవిడ జన్మలో వదిలిపెట్టలేదు. "రేపటి సంగతి రేపు. ఆ ముసిల్ది మరి ఊరుకుందేటి? అల్లుడు అంత మాటంటే?"

"ఊరుకుంటాదేటి! తిట్టుంటాది."

"ఏటని?"

తాయారు చెప్పబోయి ఆగింది. "తెలుగులో రాదు అత్తా."

"తెలుగులో ఎవులు సెప్పమన్నారు? ఆ ముసిల్ది తెలుగులో తిడతాదేటి? ఆ బాసలోనే తిట్టు. మేం ఇంతాం."

ఆడవాళ్ళు నవ్వారు. తాయారు వాళ్ళ వైపు చూసింది. గొంతు సవరించుకుని, మొదట చాలా మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అత్తగారి మాట ఒకటి అంది. సాగదీత కుదరలేదు. మళ్ళీ అంది. ఈసారి కుదిరింది. ఆమె పుట్టి పెరిగిన సందు చివరి కూరలమ్మ అరుగు మీదికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. బుల్లమ్మ ఒక్క ముక్క కూడా అర్థం కాకుండానే ఫక్కున నవ్వింది. అల్లుడి జవాబు తాయారే ఇచ్చింది, గొంతు లావు చేసి. అత్తగారు ఇంకా రెచ్చిపోయింది. మాటలు తడుముకోకుండా వస్తున్నాయి, వెతకని మాటలు కూడా వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ.

"అలగ ఎయ్యి! ఒగ్గీకు ఆణ్ణి!" అంది బుల్లమ్మ.

రేడియో పక్కన 'హో' మంటూనే ఉంది. దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు. తాయారు బల్ల దగ్గర నిలబడి, వీధిలోకి వినబడేలా, రంగం బాసలో అల్లుణ్ణి తిడుతూనే ఉంది.